అద్దం మీద బాణం గుర్తు

ఇరవై రెండేళ్ళ పాటు నేను ఒక అబద్ధాన్ని పాఠంగా చెప్పాను. అది అబద్ధమని తేలిన రోజున సిగ్గుతో కుంగిపోయి ఉంటానని విన్నవాళ్ళందరూ అనుకుంటారు. సిగ్గుపడ్డాను, కాదనను. కొన్ని రోజులు ఎవరి ముఖమూ సరిగ్గా చూడలేకపోయాను. కానీ చివరికి నాకు మిగిలింది మాత్రం, బిగుతు చెప్పులు విప్పేసి చల్లటి గచ్చు మీద పాదాలు ఆనించినప్పుడు కలిగే హాయి. దాని గురించే ఇది రాస్తున్నాను.

మా కాలేజీ అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషను వైపు పోయే ఒక సందులో ఉంది. ఒకప్పుడు ఎవరిదో బంగళా. చుట్టూ కొత్త బ్లాకులు లేచినా ఫిజిక్సు క్లాసు ఇంకా ఆ బంగళాలోనే నడుస్తుంది. పొడవాటి కిటికీలు, చెక్క చట్రాల్లో చిన్న చిన్న గళ్ళుగా పాతకాలపు అద్దాలు. వాటిలోంచి చూస్తే బయట నిలబెట్టిన స్కూటర్లు నీళ్ళలో ఉన్నట్టు కాస్త వంకరగా కనిపిస్తాయి. డిగ్రీ రెండో ఏడాది పిల్లలకి పదార్థ ధర్మాలు చెప్పేటప్పుడు ఆ కిటికీయే నా ఆయుధం.

"గాజు గట్టిగా ఉంది కాబట్టి ఘనం అనుకుంటున్నారు. మీ కళ్ళు మిమ్మల్ని మోసం చేస్తున్నాయి!" అని బల్ల గుద్దేదాన్ని. "గాజు ద్రవం. అతి నెమ్మదిగా కారే ద్రవం. అదిగో ఆ కిటికీ చూడండి. అన్నేళ్ళుగా కిందికి కారి కారి ప్రతి అద్దం అడుగున మందంగా తయారైంది. మీరు నమ్మిన ప్రతిదాన్నీ ఇలాగే అనుమానించండి. ప్రశ్నించండి!"

నలభై తలలు ఒక్కసారిగా కిటికీ వైపు తిరిగేవి. ఆ దృశ్యం నాకు ఎంత నచ్చేదో చెప్పలేను. ఆ కిటికీ అద్దాన్ని నేను ఎన్నడూ కొలవలేదు. ఎప్పుడో ఎక్కడో చదివాను, నచ్చింది, చెప్పాను. అంతే.

నేను పెరిగిన ఇల్లు అలాంటిది. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. సంస్కరణ సభలంటే ప్రాణం. ఆదివారం మధ్యాహ్నం మా ముందుగదిలో పదిమంది చేరి వాదించుకునేవాళ్ళు. ముహూర్తాలు, దిష్టి, జాతకాలు, దేన్నీ వదిలేవాళ్ళు కాదు. పదేళ్ళ వయసులో నన్ను నిలబెట్టి దిష్టి ఉందని పావుగంట, లేదని పావుగంట మాట్లాడించారు. రెండుసార్లూ నేనే గెలిచాను. చప్పట్లు కొట్టి నాకు బూందీ పెట్టారు. ఎదుటివాడి మాటలో సందు ఎక్కడుందో వెతకడం, అక్కడ వేలు పెట్టి తిప్పడం, సభను నవ్వించడం ఆ గదిలోనే నేర్చుకున్నాను. ఆ విద్యతోనే పత్రికల్లో వ్యాసాలు రాశాను, బాబాల మీద కత్తులు నూరాను. ఆ విద్యతోనే పాఠాలూ చెప్పాను.

పాఠం అయ్యాక "డౌట్సా?" అని అడిగేదాన్ని. ఎవరూ లేచేవాళ్ళు కాదు. అంత బాగా అర్థమైందన్నమాట అనుకుని రిజిస్టరు మూసేదాన్ని.

ఒక ఏడాది మాత్రం ఒకమ్మాయి లేచింది. మూడో బెంచీలో, కిటికీ పక్కన కూర్చునే పిల్ల. గౌలిగూడ నుంచి నడిచి వచ్చేది. మాట తక్కువ.

"మేడం, గాజు గట్ల కారదు మేడం" అంది.

క్లాసు మొత్తం ఆమె వైపు తిరిగింది. నాకు నిజంగానే సరదా వేసింది. చాలా ఏళ్ళ తర్వాత ఎదుట ఒక ప్రత్యర్థి దొరికింది.

"నీకెలా తెలుసమ్మా?"

"మా నాయిన అద్దాల పని చేస్తడు మేడం. పాత ఇండ్లల్ల కిటికీలు ఊడదీస్తడు. కొన్ని అద్దాలు కింద మందముంటయంట, కొన్ని పైన గూడ ఉంటయంట."

"ఎన్నేళ్ళుగా చేస్తున్నారు?"

"ఇరవై ఏండ్ల సంది."

"గాజుకి ఇరవై ఏళ్ళంటే ఒక ఆవులింత. మా అమ్మమ్మ అరవై ఏళ్ళు చూసింది. దేన్ని? పిల్లి ఎదురైతే పని చెడిపోవడాన్ని. కళ్ళారా చూశానని ఒట్టు పెట్టేది. చివరికి పిల్లే మా అమ్మమ్మ ఎదురైతే వెనక్కి పోవడం మొదలుపెట్టింది. ఇంట్లో పెద్దవాళ్ళు చూశారని నమ్మడాన్నే మనం ఈ గదిలో వదిలించుకోవాలి."

క్లాసు గొల్లుమంది. వెనక బెంచీలోంచి ఒకడు అరిచాడు. "ఏయ్ అద్దాలోళ్ళ పిల్లా, కూసో ఇగ!"

ఆ మాట నాకు వినిపించింది. వినిపించనట్టు బోర్డు వైపు తిరిగాను. ఆమె కూర్చుంది. ఆ రోజు నేను గెలిచాననే అనుకున్నాను.

తర్వాతి వారం మూడో బెంచీలో కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంది. ఆ పై వారమూ అంతే. జ్వరమేమో అనుకున్నాను.

ఇంటర్నల్ పరీక్షలు దగ్గరపడ్డాయి. ప్రశ్నపత్రం కాపీలు తీయించాలి, మా అటెండరు సెలవులో ఉన్నాడు, నేనే గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి వెళ్ళాను. అన్నేళ్ళలో ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. యజమానికి నేనెవరో తెలియదు, కాగితం చదవకుండానే మెషినులో పెట్టాడు. మెషిను నడుస్తుండగా గోడ వైపు చూశాను. అలమర నిండా స్పైరల్ కట్టిన పుస్తకాలు.

"అవేంటండీ?"

"నోట్స్ మేడం. మీ బిడ్డ ఎవరన్న ఈ కాలేజీల ఉన్నరా? ఏం గ్రూపు?"

"ఫిజిక్సు" అన్నాను.

"సెకండియరా? అయితే గాజు మేడం నోట్స్ తీస్కపోండి. మస్తు నడుస్తది."

"గాజు మేడమా? ఎవరామె?"

"ఏమో, నేను చూడలె. మంచిగ చెప్తదంట. ఆమె మాట్లాడినయి అన్నీ ఇందులనే ఉన్నయి మేడం, జోకులు గూడ ఉన్నయి. క్లాసుకు పోకున్నా ఫికర్ లేదు."

కొనుక్కున్నాను. కాలేజీకి వచ్చి స్టాఫ్ రూములో మూలకి కూర్చుని తెరిచాను. ఎవరో పాత విద్యార్థి గుండ్రటి చేతిరాత. కాపీకి కాపీ తీసి తీసి అక్షరాలు వెలిసిపోయాయి. అందులో నా పాఠం ఉంది. పొల్లు పోకుండా ఉంది. నేను పోయిన ఏడాది చెప్పినదీ, ఈ ఏడాది చెప్పినదీ, వచ్చే ఏడాది చెప్పబోయేదీ. ఇంకా, బ్రాకెట్లలో కొన్ని సూచనలు ఉన్నాయి.

"ఇక్కడ బల్ల గుద్దుతరు. ఉలిక్కిపడొద్దు."

"కిటికీ చూపిస్తరు. అందరు కిటికీ దిక్కు చూడాలె."

"డౌట్సా అని అడుగుతరు. ఎవ్వరు లేవొద్దు. లేస్తే పది నిమిషాలు ఎక్కువ కూసుండవెడ్తరు."

గాజు పాఠం పేజీ కింద, అంచున, ఇంకొకటి. "ఎవరన్న ఎదురు మాట్లాడితే అమ్మమ్మ, పిల్లి కత చెప్తరు. నవ్వాలె."

నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. నవ్వాలె. ఆ రోజు ఆ పిల్లను కూర్చోబెట్టిన నవ్వు నా హాస్యానికి వచ్చిందని మురిసిపోయాను. అది జిరాక్స్ కాగితంలోంచి వచ్చింది. అర్థం తెలియకుండా పెదాలు కదిపేవాళ్ళనీ, ఎవరో చేతులు జోడించమంటే జోడించేవాళ్ళనీ జీవితమంతా వెక్కిరించాను. ఇప్పుడు నా క్లాసులో అదే జరుగుతోంది. మంత్రం నాది, పీఠం నాది, ఎక్కడ తల తిప్పాలో ఎక్కడ నవ్వాలో రాసిపెట్టిన విధానమూ నాదే. నన్ను ప్రశ్నించండని నేనే ఆజ్ఞాపించాను, వాళ్ళు బుద్ధిగా కిటికీ వైపు చూశారు.

లేచి ఆఫీసుకి వెళ్ళి హాజరు పట్టిక అడిగాను. గుమాస్తా వేలితో వరస పట్టుకుని చూపించాడు.

"ఈ పిల్లా మేడం? మీ సబ్జెక్టుల్నే తక్కువున్నది. ఇంకో మూడు క్లాసులు తప్పితే షార్టేజి పడ్తది. హాల్ టికెట్ రాదు. ఏడాది పోతది."

"మిగతా సబ్జెక్టులకి?"

"మిగిల్నయి ఫుల్లు ఉన్నయి. రోజు వస్తది. మీ దానికే రాదు."

జ్వరం కాదన్నమాట. రోజూ కాలేజీకి వస్తోంది. నా గంట కొట్టగానే లేచి వెళ్ళిపోతోంది.

మర్నాడు వరండాలో పట్టుకుని మాట్లాడబోయాను. "వస్త మేడం" అని తల వంచుకుని పోయింది. రాలేదు. ఇంకో రెండు క్లాసులు తప్పితే ఏడాది పోయినట్టే.

ఆ మధ్యాహ్నమే గౌలిగూడకి నడిచాను. ఆమె వాళ్ళ నాన్న పనిచేసే దుకాణం పాత బస్టాండు వెనక సందులో దొరికింది. చెక్క స్టాండుల్లో నిలువుగా అద్దాలు, మధ్యలో దుప్పటి పరిచిన పెద్ద బల్ల. ఆయన కటరు పెట్టి ఒక గీత లాగుతున్నాడు. కిర్రుమని చప్పుడు. మనిషెత్తు అద్దం రెండో అంచుని పట్టుకుని నిలబడి ఉంది మా క్లాసు అమ్మాయి. నన్ను చూసి బెదిరింది కానీ అద్దం పట్టుకున్న మనిషి వదిలేసి పారిపోలేదు కదా. నాకది కలిసొచ్చింది.

ఆయన గీత పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు. తర్వాత చూసి కంగారుపడ్డాడు.

"కూసోండి మేడం. మా బిడ్డ ఏమన్న తప్పు చేసిందా?"

"నేను చేశానండీ." జరిగింది చెప్పాను. పిల్లి కథ కూడా దాచలేదు.

ఆయన సగం విని పకపకా నవ్వి, వెంటనే చేత్తో నోరు మూసుకున్నాడు. "తప్పు పట్టకండి మేడం. గాజు కారుడేంది? నేను పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చి ఈ పనిల పడ్డ. పాత కిటికీలు ఎన్ని ఊడదీసిననో లెక్క లేదు. ఇగో చూడండి." మూలలోంచి పాత అద్దపు ముక్క ఒకటి తెచ్చి నా చేతికిచ్చాడు. "ఇటు దిక్కు మందం, అటు దిక్కు పల్చన. చేతికి తగులుతదా? ఎనకట ఊది చేసేటోళ్ళంట, అంతట ఒక్క తీరు రాకపోతుండె. బిగించేటోడు ఎట్ల పెడితే గట్ల. తెలివిగల్లోడు మందం దిక్కు కిందికి పెడ్తడు, జర నిలకడగ ఉంటదని. అందరు తెలివిగల్లోళ్ళు ఉంటరా?"

ముక్కని వేళ్ళ మధ్య జరిపి చూశాను. వాదన ఎక్కడా లేదు. తేడా వేలికి తగులుతోంది.

"నువ్వు క్లాసుకి ఎందుకు రావడం లేదమ్మా?" అని అడిగాను.

ఆమె అద్దం అంచు మీదినుంచి కళ్ళెత్తకుండా చెప్పింది. "గాడ నాతోని ఏం పని మేడం? అన్నీ బుక్కుల ఉన్నయి కదా. నేనొస్తే మళ్ళ నవ్వుతరు. నన్నంటే పడ్త. మా నాయిన చూసింది గూడ పిల్లి కతనే అన్నరు మీరు."

చేతిలోని అద్దపు ముక్కని బల్ల మీద పెట్టాను.

"అద్దాలు ఊడదీసి కొలుద్దాం" అన్నాను. "క్లాసు కిటికీవే. క్లాసంతా కలిసి."

"కొలిస్తే నేను తప్పైతే?"

ఫరవాలేదులే అని ఓదార్చే మాట నాలిక దాకా వచ్చింది. మింగేశాను. "నువ్వు తప్పైతే తప్పని బోర్డు మీద రాస్తాను. నేను తప్పైతే అదీ రాస్తాను. రెండూ ఒకే సైజు అక్షరాల్లో."

"గది మంచిగున్నది" అన్నాడు వాళ్ళ నాన్న. "నేనొస్త మేడం. ఆ అద్దాలు మీరు ముట్టుకుంటే పల్గుతయి. అంచులకు పూసిన లప్పం ఎండి రాయి లెక్క అయి ఉంటది."

ఆమె వస్తాననలేదు, రాననలేదు. కటరు మళ్ళీ కిర్రుమంది.

కిటికీ రెక్క ఒకటి ఎప్పటినుంచో బిగుసుకుపోయి ఉంది. దాన్ని బాగు చేయిస్తామన్న వంకతో ప్రిన్సిపాలు దగ్గర అనుమతి తీసుకున్నాను. పాఠం కోసమంటే ఇచ్చేవారు కాదు.

ఆ రోజు తొమ్మిదికల్లా ఆయన వచ్చి ఎండిన లప్పం చెక్కి ఆరు అద్దాలు పదిలంగా దించాడు. దించే ముందు ఒక్కో అద్దం మీద మార్కరుతో పైకి చూసే బాణం గుర్తు వేశాడు, పక్కన అంకె వేశాడు. "ఏది పైన ఏది కింద మర్చిపోతే ఊడదీసుడు ఊర్కనే" అన్నాడు. ఆయన చెప్పేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు.

గంట కొట్టారు. పిల్లలు వచ్చి చట్రంలో ఖాళీలు చూసి గుసగుసలాడుకున్నారు. మూడో బెంచీ ఖాళీ. హాజరు పిలవడం మొదలుపెట్టాను. ఆమె నంబరు పిలిచి గుమ్మం వైపు చూశాను.

"ప్రెజెంట్ మేడం." గుమ్మం దగ్గరినుంచి. వాళ్ళ నాన్న పనిముట్ల సంచీ చేత పట్టుకుని నిలబడి ఉంది.

ఆ ఒక్క టిక్కు పెట్టినప్పుడు నా గుండెల్లోంచి దిగిన బరువు నాకే తెలుసు. హాల్ టికెట్ ఇంకా చేతికి రాలేదు, ఆ రోజు ఎవరు తప్పో తేలనూ లేదు. అయినా సగం దిగింది.

కొలవకముందే ఏం కనిపిస్తుందనుకుంటున్నారో కాగితం ముక్క మీద రాయమన్నాను, పేరు అక్కర్లేదన్నాను. కాగితాలు పోగుచేసి చదివాను. ముప్పై ఏడింటిలో "కింద మందం". ఒకటి ఖాళీ. ఒకటి "మేడం చెప్పిందే". ఒకటి "ఎట్లనైనా ఉండొచ్చు". చివరిది ఎవరిదో పేరు లేకపోయినా తెలుసు.

ఆరు గుంపులు, గుంపుకి ఒక అద్దం, ఒక స్క్రూగేజి. గాజు పలక మందం కొలవడం వీళ్ళకి కొత్త కాదు. ఇంటర్ నుంచీ ప్రతి ఏడాదీ రికార్డులో రాస్తూనే ఉన్నారు. రాస్తున్నారు, కొలవడం లేదు. పోయినేటి రికార్డులోంచి ఈ ఏటి రికార్డులోకి అంకెలు దిగిపోతాయి. నిజంగా అంచు చుట్టూ ఎనిమిది చోట్ల కొలవమనేసరికి స్క్రూ ఎటు తిప్పాలో కూడా సగం మందికి తెలియలేదు. గది మొజంజాహీ మార్కెట్లో పండ్ల బేరంలా తయారైంది. పక్క క్లాసు మాస్టారు ఒకసారి తొంగిచూసి వెళ్ళారు. ఇరవై రెండేళ్ళలో నా క్లాసులోంచి నా గొంతు కాక వేరే గొంతులు ఆయన వినడం అదే మొదటిసారి అయివుంటుంది.

ఆ అమ్మాయి గుంపు గుంపుకీ తిరుగుతోంది. "గట్ల బిగించకు, పల్గుతది. వెనక చిన్న మర ఉన్నది చూడు, టిక్కుటిక్కు అనంగనే ఆపాలె." ఆ రోజు అరిచిన వెనక బెంచీ కుర్రాడు ఆమెని పిలిచాడు. "అద్దాలోళ్ళ పిల్లా, జర ఇటు రా, ఈ గేజిల సున్న తప్పుందో లేదో చూడు."

"నాకు పేరున్నది. పేరు పెట్టి పిలిస్తేనే వస్త."

"ఔ... సారీ." పేరు పెట్టి పిలిచాడు. వెళ్ళింది.

ఆ కుర్రాడి గుంపుది నాలుగో అద్దం. నేను దగ్గరికి వెళ్ళేసరికి కాగితం మీద అంకెలు శుభ్రంగా ఉన్నాయి. పైన రెండు మిల్లీమీటర్ల చిల్లర, కింద అంతకంటే అర మిల్లీమీటరు ఎక్కువ. అచ్చం నా పాఠంలో ఉన్నట్టు. అద్దం వైపు చూశాను. బాణం నేల వైపు చూస్తోంది.

"బాణం కిందికి ఎందుకుంది?"

గుంపులోవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కుర్రాడు నోరు విప్పాడు. "ఉల్టా పట్టుకున్నం మేడం. గందుకె సీదా చేసినం."

"ఉల్టా అని ఎలా తెలిసింది?"

"మందం పైకి వచ్చింది మేడం."

"వస్తే?"

"మీరు కింద ఉంటదన్నరు గద! పైకొచ్చిందంటే మేమే ఉల్టా పట్టుకున్నట్టు గదా?"

కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చున్న ఆ అమ్మాయి నాన్న ఉండబట్టలేకపోయాడు. "అరే బిడ్డా, నేను పొద్దుగాల్నుంచి కూసోని గీసిన బాణం ఏమనుకున్నవు? ముగ్గేసిననా?"

క్లాసు నవ్వింది. ఆ నవ్వు ఏ నోట్సులోనూ లేదు. కుర్రాడు కూడా నవ్వాడు, చెవులు ఎర్రగా అయ్యాయి. నాకు కోపం రాలేదు. వాడు అబద్ధం ఆడలేదు. చేతిలో అద్దం ఒకటి చెప్పింది, గురువు ఒకటి చెప్పింది. వాడు గురువుని నమ్మి అద్దాన్ని తిప్పేశాడు. దేశంలో ఉన్న మూఢత్వమంతా ఇలాగే నడుస్తుందని ఎన్ని వ్యాసాలు రాశానో. అద్దం తిప్పించింది మాత్రం నేను.

బోర్డు మీద ఆరు అద్దాల లెక్క వేశాం. రెండింటికి కింద మందం. నాలుగోదాన్ని బాణం ప్రకారం నిలబెట్టి మళ్ళీ కొలిస్తే దానితో కలిపి రెండింటికి పైన. ఒకదానికి ఎడమ పక్కన. ఒకటి అంతటా ఇంచుమించు సమానం. కారే ద్రవం ఒకే కిటికీలో ఒక గడిలో పైకీ, ఒక గడిలో పక్కకీ కారదు.

సుద్దముక్క తీసుకుని రాశాను: "గాజు కారదు. నేను ఇరవై రెండేళ్ళు తప్పు చెప్పాను." రెండు వాక్యాలూ ఒకే సైజులో. తర్వాత వాళ్ళ వైపు తిరిగి చెప్పాను. "ఈ అమ్మాయి ఆ రోజు సరైన మాట చెప్పింది. నేను జవాబు చెప్పలేదు, ఎగతాళి చేశాను. వాళ్ళ నాన్నగారు చేత్తో తాకి చూసినదాన్ని పిల్లి కథతో కలిపాను. తప్పు నాది, క్షమించమ్మా. మీరూ క్షమించండి."

ఆయన స్టూలు మీదినుంచి లేచి నిలబడిపోయాడు. "అయ్యో మేడం, గింత పెద్ద మాట ఎందుకు" అన్నాడు. ఆ అమ్మాయి నడిచి వెళ్ళి మూడో బెంచీలో, ఖాళీ చట్రం పక్కన కూర్చుని పుస్తకం తెరిచింది.

తర్వాత వెనక బెంచీ కుర్రాడే చెయ్యెత్తాడు. "మేడం, మరి పరీక్షల ఏం రాయాలె?"

"కొలిచింది రాయి."

"కారకపోతే మరి ఘనమేనా మేడం?" ఇంకొకరు. "ఘనమైతే ఉప్పు లెక్క గళ్ళు గళ్ళుగ ఎందుకుండదు?" ముందు బెంచీ. "ఎంత వేడి చేస్తే మెత్తబడుడు సురువైతది?" ఇది ఆ అమ్మాయి నాన్నని అడిగారు. ఆయన నా వైపు చూశాడు.

"అన్ని రకాల గాజుకీ ఒకటే అవునో కాదో నాకు తెలియదు" అన్నాను. "చూసి రేపు చెప్తాను."

నాకు తెలియదు. ఆ మాట అన్నాక పైకప్పు కూలలేదు. ఎవరూ వెక్కిరించలేదు. ఇద్దరు పిల్లలు నోట్సులో "రేపు" అని రాసుకున్నారు. గంట కొట్టినా లేవలేదు వాళ్ళు. ఆ సాయంత్రం నాంపల్లి మెట్రో మెట్లు ఎక్కుతుంటే మోకాళ్ళ నొప్పి కూడా గుర్తు రాలేదు. ప్రతిరోజూ గెలిచి ఇంటికి వెళ్ళాల్సిన పని ఇక నాకు లేదు.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందని చెప్పను. ప్రతి పాఠానికీ ముందు కాగితం మీద ఊహ రాయించడం మొదలుపెట్టాను, నేను మాట్లాడేది సగానికి తగ్గించాను. మొదటి నెలలో సిలబస్ వెనకబడింది. ఒక రోజు లోలకం ప్రయోగం ఎంతకీ లెక్కకి రాలేదు, తప్పెక్కడుందో వెతకడానికే గంట గడిచిపోయింది. "మేడం, పాత తీర్లనే చెప్పండి, రాసుకుంటం" అని కొందరు బతిమాలారు. వాళ్ళని నేను తప్పు పట్టను. అన్నీ రాసి ఉన్న పుస్తకం చేతిలో ఉంటే భయముండదు. నాకూ ఆ బల్ల గుద్దే పాఠం అలాగే ఉండేది.

మళ్ళీ జిరాక్స్ షాపుకి వెళ్ళినప్పుడు కావాలనే అడిగాను. "గాజు మేడం నోట్స్ ఉన్నాయా?"

"ఉన్నయి గానీ ఎవ్వరు కొంటలేరు మేడం. ఆమె పాఠం మార్చిందంట. రోజుకో తీరు చెప్తదంట, పిల్లగాళ్ళనే అడుగుతదంట. గట్లైతే మేం నోట్స్ ఎట్లేస్తం? ఏమైందో ఏమో ఆమెకు."

"పిచ్చి లేచిందేమో" అన్నాను.

"ఔ మేడం, నాకూ గదే అనుమానం."

ఆ అమ్మాయి ఆ రోజు తర్వాత ఒక్క క్లాసు తప్పలేదు. షార్టేజి పట్టిక గోడకి అంటించిన రోజు నేను నోటీసు బోర్డు దాకా పోలేక ఆఫీసు గుమ్మంలోనే ఆగాను. గుమాస్తా నన్ను చూసి, అడగకముందే చెప్పాడు. "లేదు మేడం, మీ పిల్ల పేరు పట్టికల లేదు. గట్టెక్కింది."

హాల్ టికెట్లు పంచిన మధ్యాహ్నం ఆమె స్టాఫ్ రూముకి వచ్చింది. కాగితం రెండు చేతులతో పట్టుకుని చూపించింది. "వచ్చింది మేడం."

"మీ నాన్నకి చెప్పావా?"

"ఇప్పుడు పోయి చెప్త." కానీ పోలేదు. గుమ్మం దగ్గర నిలబడి కాలు మార్చుకుంటోంది.

"ఇంకేంటమ్మా?"

"ఏం లేదు మేడం. మొన్న మీరు ముఖం చూసుకునే అద్దాలకి వెనక పాదరసం పూస్తరని చెప్పిన్రు గద. మా నాయినకు చెప్తే, గది ఎప్పటి ముచ్చట బిడ్డా, ఇప్పుడు ఎవ్వరు పాదరసం పూస్తలేరు అన్నడు."

చుట్టూ కూర్చున్న లెక్చరర్లు పేపర్ల మీదినుంచి తలలెత్తారు. నేను కలం మూత తీశాను. నా పక్క కుర్చీ ఖాళీ చేసి ముందుకి జరిపాను.

"కూర్చో" అన్నాను. "ఇప్పుడు ఏం పూస్తారో నెమ్మదిగా చెప్పు. రాసుకుంటాను."